మాండవి పడవ మీద చిన్న టోర్నమెంట్: పెద్ద జతలతో రెండు రోజులు

పోకర్ టోర్నమెంట్ బాగుందో లేదో నేను ఒక్క విషయంతో తేల్చుకుంటాను. చేతిలో రాణుల జత పడింది, ఎదుటి మనిషి పెద్ద రేజ్ కొట్టాడు, అంటే పందెం బాగా పెంచాడు. అప్పుడు ఆలోచించుకోవడానికి నాకు చోటు మిగిలిందా, లేక ఉన్న చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ముందుకు నెట్టేయడం తప్ప దారి లేదా? చోటు ఉంటే మంచి టోర్నమెంట్. తిండి, లైట్లు, సంగీతం అన్నీ ఆ తర్వాతే. జూలై మొదటి వారంలో పణజి దగ్గర మాండవి నదిలో ఉండే ఒక క్యాసినో పడవ మీద రెండు రోజులు రెండు చిన్న టోర్నమెంట్లు ఆడి వచ్చాను. ఒకటి 3,000 రూపాయలది, రెండోది 2,000 రూపాయలది. పడవ పేరు రాయడం లేదు. ఇలాంటి చిన్న టోర్నమెంటుకు మన వైపు నుంచి వెళ్లేవాళ్లు డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలో చెప్పడమే నా పని.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తిలో ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఉండేది హన్మకొండలో, సుబేదారి దగ్గర. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి డాబా మీద ఆరేడుగురం కూర్చుని పోకర్ ఆడతాం. డబ్బు పెట్టం. ప్లాస్టిక్ చిప్స్ పెట్టె ఒకటి కొనుక్కున్నాం, గోడ గడియారం చూసి బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) పెంచుకుంటాం, ఆట అయ్యాక చాయ్ తాగి వెళ్లిపోతాం. తెలంగాణలో డబ్బు పెట్టి పేకాట ఆడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. 2017లో రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటను కూడా ఆపేసింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషేధం. అందుకే నిజమైన టోర్నమెంటులో కూర్చోవాలంటే గోవా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ 1976 నాటి జూద నిరోధక చట్టానికి తర్వాత చేసిన సవరణల వల్ల నదిలో ఉన్న పడవల మీద టేబుల్ ఆటలకు లైసెన్స్ ఇస్తారు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి వాస్కో రైలు. పక్కింటి తమ్ముడు కూడా వచ్చాడు, కానీ ఆడలేదు. ఒడ్డునే ఉండి చేపల పులుసు తిని, చర్చిలు చూసి వచ్చాడు.

జెట్టీ దగ్గర చిన్న లాంచీ ఎక్కిస్తారు. వానకు నది బురదరంగులో ఉప్పొంగి ఉంది, లాంచీ కాస్త ఊగింది. 21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు కార్డు చూపాలి, పాన్ కార్డు కూడా అడిగారు. రిజిస్ట్రేషన్ పది నిమిషాల్లో అయిపోయింది. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఓపికగా హిందీలో అన్నీ చెప్పింది. నేను అడగకముందే బ్లైండ్ల పట్టిక కాగితం చేతిలో పెట్టింది. దానికి ఆమెను మెచ్చుకోవాలి. టోర్నమెంటులో అసలు సరుకు ఆ కాగితమే.

మొదటి రోజు కాగితంలో ఉన్నది ఇది. మొదట చేతికి 20,000 చిప్స్. బ్లైండ్లు 100/200తో (చిన్నది 100, పెద్దది, అంటే బిగ్ బ్లైండ్, 200) మొదలై 200/400, 300/600, 400/800, 500/1,000 అని పోతాయి. ప్రతి మెట్టు 20 నిమిషాలు. బిగ్ బ్లైండ్ వేసే మనిషే టేబుల్ మొత్తానికీ యాంటీ (ముందే పడే ఇంకో తప్పనిసరి పందెం) కూడా వేస్తాడు, అదీ ఒక బిగ్ బ్లైండే. అంటే ఆట మొదట్లో చేతిలో 100 బిగ్ బ్లైండ్లు ఉంటాయి. ఏమీ గెలవకుండా, ఏమీ పోగొట్టుకోకుండా కూర్చున్నా 80 నిమిషాలకు అవి 20 బ్లైండ్లకు దిగుతాయి. డీలర్ ముక్కలు కలిపి పంచే ఆటలో గంటకు పాతిక, ముప్పై చేతులు (ఒకసారి పంచి ఆడితే ఒక చెయ్యి) పడతాయి. కాబట్టి ఆ 80 నిమిషాల్లో నేను చూసేది సుమారు 36 చేతులు.

ఇప్పుడు జతల లెక్క. చేతికి పంచే రెండు ముక్కలకు 1,326 రకాల కలయికలు. ఏదో ఒక ఫలానా జత, అంటే రాజుల జతే పడాలంటే 221 చేతులకు ఒకసారి. రాణులు, రాజులు, ఆసులు మూడింటిలో ఏదో ఒకటి రావాలంటే సుమారు 74 చేతులకు ఒకసారి. గడియారంలో చెప్పాలంటే రెండున్నర, మూడు గంటలకు ఒకసారి. మా డాబా మీద మేమే పంచుకుని త్వరత్వరగా ఆడతాం కాబట్టి ఈ సంగతి తెలియదు. అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. అంతసేపు ఎదురుచూసిన జత వచ్చేసరికి చేతిలో పది బ్లైండ్లే ఉంటే ఇక ఆలోచించేది ఏముంది? అందుకే నాకు బహుమతి మొత్తం కన్నా మెట్టు ఎన్ని నిమిషాలో ముఖ్యం.

ఆ రోజు నాకు ముక్కలు బాగా పడ్డాయి. అందుకే ఇంత రాయగలుగుతున్నాను.

రెండో మెట్టులో, 200/400 దగ్గర, జాకీల జత వచ్చింది. నా దగ్గర అప్పటికి 19,000 ఉన్నాయి. నాకన్నా ముందు ఒక పెద్దాయన ఉత్తినే 400 వేసి కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి, అరగంట నుంచి ఒక్క చెయ్యి ఆడలేదు, ముక్కలు చూడటం, లోపలికి తోసేయడం, అంతే. నేను 1,600 చేశాను. మిగతావాళ్లంతా వదిలేశారు. ఆయన మళ్లీ ముక్కలు చూసుకోకుండా, ఒక్కో దొంతరా సర్ది 6,500 పెట్టాడు.

మా మార్కెట్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొద్దున జెండా పాట అని ఒకటి ఉంటుంది. మంచి సరుకున్న కుప్ప దగ్గర వ్యాపారులు పాడి ఆ రోజు పై ధర ఖాయం చేస్తారు. ఆ ధర వినగానే కొత్త రైతు తన బస్తాలకూ అదే వస్తుందనుకుంటాడు. రాదు. జెండా పాట గట్టిగా పాడేవాళ్లలో సరుకు నిజంగా కావలసినవాళ్లూ ఉంటారు, ఊరికే పాడేవాళ్లూ ఉంటారు. కానీ పొద్దుటి నుంచి నోరు విప్పని వ్యాపారి ఒక కుప్ప దగ్గర ఆగి, మిరపకాయ విరిచి వాసన చూసి, ఒక్క ధర చెప్పాడంటే అది సరదాకు చెప్పింది కాదు. ఇరవై ఏళ్లుగా నేను ఆ మనుషుల పక్కనే నిలబడి రాసుకుంటున్నాను. ముందు ఉత్తినే వేసి, ఎదుటివాడు పెంచాక నాలుగింతలు చేసే నిదానస్తుడి దగ్గర ఏముంటుంది? ఆసులు, లేదంటే రాజులు. చిన్న టోర్నమెంటుల్లో దీన్ని మించిన నమ్మకమైన గుర్తు నాకు కనబడలేదు.

అయినా లెక్క చూసుకున్నాను. కాల్ చేయాలంటే, అంటే ఆయన వేసినంతా నేనూ వేయాలంటే, ఇంకో 4,900 వేయాలి. కుండలో (మధ్యలో చేరిన పందెంలో) అప్పటికే 9,100 ఉంది. కాబట్టి 35 శాతం గెలుపు ఉంటే కాల్ గిట్టుతుంది. ఆయన దగ్గర పై జతే ఉంటే నా జాకీలకు ఉన్నది 19 శాతం. ఫ్లాప్‌లో (అందరికీ కలిపి మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కల్లో) మూడో జాకీ దొరుకుతుందేమోనని ఆశపడదామంటే, అది ఎనిమిదిన్నరసార్లకు ఒకసారి. దొరికినా నా దగ్గర మిగిలేది 12,500 మాత్రమే, దొరకని ఏడుసార్ల ఖర్చు అందులో రాదు. మడిచేశాను, అంటే ఆ చెయ్యి వదిలేశాను. ఆయన పక్కనున్న మనిషికి ముక్కలు చూపించాడు. ఇస్పేటు ఆసు నాకూ కనబడింది. 1,600తో బయటపడ్డాను.

ఇదే రెండో మెట్టులో కాకుండా ఆరో మెట్టులో జరిగి ఉంటే, 15 బ్లైండ్లతో నేను మొదటే ఆల్-ఇన్ (ఉన్నదంతా పందెం) అనేవాణ్ణి, ఆయన ఆసులు చూపేవాడు, ఆట అక్కడితో సరి. ఆ అరగంటలో ఆయనను గమనించడానికి 20 నిమిషాల మెట్లు నాకు వీలిచ్చాయి.

అదే టేబుల్ మీద ఒక హైదరాబాద్ అబ్బాయి కూర్చున్నాడు. తెలుగు వినగానే "అన్నా, వరంగలా? మా అమ్మమ్మది జనగామే" అని పలకరించాడు. అతను చెయ్యి తెరిస్తే, అంటే మొదటి రేజ్ చేస్తే, బిగ్ బ్లైండ్‌కు ఆరేడింతలు కొట్టేవాడు. 100/200 దగ్గర 1,400. గంటలో మూడుసార్లు ముక్కలు చూపించాడు, జాకీలు, పదుల జత, ఆసు-రాజు. బ్రేక్‌లో అడిగాను, ఎందుకు తమ్మీ అంత పెద్ద రేజ్ అని. "జాకీలు పడితే టెన్షన్ అయితదన్నా. ఫ్లాప్‌ల రాణి, రాజు ఏదో ఒకటి వస్తనే ఉంటది. అందరిని పంపిచ్చేస్తే పీడ పాయె" అన్నాడు. అతని భయం ఉత్తది కాదు. జాకీల జత పట్టుకుంటే ఫ్లాప్‌లో పై ముక్క ఒక్కటైనా వచ్చే అవకాశం 57 శాతం. రాణులకు 41, రాజులకు 23. కానీ అంత పెద్ద రేజ్‌కు చిన్న జతలూ బలహీనమైన ఆసులూ పారిపోతాయి, మిగిలేది అతన్ని ఓడించే చేతులే. తన జత ఏమిటో రేజ్‌తోనే టేబుల్‌కంతా చెప్పేసినట్టు కూడా అవుతుంది. రాణులు, రాజులు ఎవరి దగ్గరైనా ఉంటే అతని ఆరింతల రేజ్ మీద మళ్లీ రేజ్ చేయడమే న్యాయం, అతను జాకీలతో వదలడు. నాకు అలాంటి చెయ్యి అతని మీద రాలేదు. తొమ్మిదుల జత వచ్చింది, మడిచాను.

అంటే పెద్ద రేజ్‌లు రెండు రకాలు. మొదటి మాటగా వచ్చే పెద్ద రేజ్ ఎక్కువగా భయంతో వస్తుంది. రెండో మాటగానో మూడో మాటగానో, అదీ నిదానస్తుడి నుంచి వచ్చే పెద్ద రేజ్ సరుకుతో వస్తుంది. ఎంత వేశారని మాత్రమే చూసి రెంటికీ ఒకే జవాబు ఇచ్చేవాళ్లు టేబుల్ మీద చాలామంది కనబడ్డారు.

మూడో మెట్టులో జరిగింది నా తప్పు. అయినా పడవవాళ్ల సర్వీస్ ఎలా ఉందో అక్కడే తెలిసింది. రాజుల జత వచ్చింది. ముందున్నాయన 1,500 చేశాడు. నేను 5,000 చిప్ ఒక్కటి ముందుకు వేశాను, నోటితో ఏమీ అనలేదు. మనసులో రేజ్. డీలర్ "కాల్" అని 3,500 వెనక్కి ఇచ్చింది. నేను అభ్యంతరం చెప్పాను. ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు. పెద్ద చిప్ ఒక్కటే వేసి రేజ్ అని పలకకపోతే అది కాల్ కిందే లెక్క అని, రేజ్ అని ముందు నోటితో అనాలని, లేదా రెండు చిప్స్ వేయాలని, నిమిషంసేపు మెల్లగా విడమరిచాడు. ఎవరూ విసుక్కోలేదు. ఆట ఆగినంతసేపూ గడియారం కూడా ఆపారు. రూల్ సరైనదే, మా డాబా మీద మేం ఎప్పుడూ పాటించలేదు, అంతే. ఫ్లాప్‌లో ఆసు పడింది. నాలుగుసార్లకు ఒకసారి కూడా పడని ఆసు. ఆయన వేశాడు, ఒకసారి కాల్ చేశాను, మళ్లీ వేశాడు, వదిలేశాను. ఆసు-జాకీ చూపించాడు. రేజ్ అని ఉంటే ఆయన ఫ్లాప్ చూసేవాడో కాదో తెలియదు కానీ, పెద్ద జత ఉన్నప్పుడు చవకగా ముక్కలు చూపించడం నష్టం. అప్పటి నుంచి ముందు నోరు, తర్వాత చెయ్యి.

అయిదో మెట్టు, 500/1,000. ఈ చెయ్యి గురించి కాస్త నిదానంగా రాస్తాను, ఎందుకంటే చిన్న టోర్నమెంటుల్లో మళ్లీ మళ్లీ వచ్చేది ఇదే. నాకు రాణుల జత. 2,500 చేశాను. అందరూ వదిలేశారు, బటన్ మీదున్న (బ్లైండ్లకు ముందు చివరి చోటున్న) కుర్రాడు 18,000తో ఆల్-ఇన్ అన్నాడు. బ్లైండ్లు వేసిన ఇద్దరూ వదిలేశారు. కుండలో 500, 1,000, యాంటీ 1,000, నా 2,500, అతని 18,000, మొత్తం 23,000. నేను ఇంకా వేయాల్సింది 15,500. వేస్తే కుండ 38,500 అవుతుంది. 15,500ను 38,500తో భాగిస్తే 40 శాతం కన్నా ఇసుమంత ఎక్కువ.

ఇప్పుడు అతని దగ్గర ఏముంటుంది? బాగా భయపడి ఆలోచిద్దాం. ఆసులు, రాజులు, ఆసు-రాజు మాత్రమే ఉన్నాయనుకుందాం. ఆసుల జత ఆరు రకాలుగా పడుతుంది, రాజులు ఆరు రకాలు, ఆసు-రాజు పదహారు రకాలు. మొత్తం 28. అందులో పన్నెండింటి మీద నా గెలుపు 18 శాతం, పదహారింటి మీద 56 శాతం దగ్గర. కలిపితే 40 శాతం. అంటే అతను ప్రపంచంలోకెల్లా జాగ్రత్తపరుడైనా ఈ కాల్ సుమారు సరిసమానం. ఇక 18 బ్లైండ్లే ఉన్న మనిషి, బటన్ మీద కూర్చుని, అంత జాగ్రత్తగా ఉంటాడా? జాకీలు, పదులు, ఆసు-రాణి కూడా కలిపి చూడండి, నా గెలుపు 55 శాతం దాకా పోతుంది. కాల్ చేశాను. పదుల జత చూపించాడు. బోర్డు మీద (మధ్యలో పరిచిన ముక్కల్లో) అతనికి ఏమీ రాలేదు, రాణులు నిలబడ్డాయి.

పది నిమిషాల తర్వాత బ్రేక్‌లో ఆ కుర్రాడు, బయటికి వెళ్లేముందు, నన్ను ఆపి "అంకుల్, మీరు రాణులు వదిలేస్తారనుకున్నాను, ఇందాక జాకీలు వదిలేశారని పక్కన చెప్పుకున్నారు" అన్నాడు. రెండు చేతుల మధ్య తేడా ఒక్క మెట్టు పెద్ద జత అని అతను అనుకున్నాడు. నేను చూసింది మాత్రం వెనక ఉన్న చిప్స్, ఎదుట ఉన్న మనిషి. 47 బ్లైండ్లతో పెద్దాయన ఎదుట అదే రాణులుంటే వాటినీ మడిచేవాణ్ణే. 18 బ్లైండ్ల కుర్రాడి ఎదుట అదే జాకీలుంటే వాటితోనూ కాల్ చేసేవాణ్ణే.

బ్రేక్ 15 నిమిషాలు. బఫేలో అన్నం, పప్పు, గోవా పద్ధతి చేపల కూర ఉన్నాయి, వేడిగా ఉన్నాయి. కారం తక్కువ, మిర్చి మార్కెట్ మనిషిని కాబట్టి నాకే అలా అనిపించిందేమో. ఏసీ చలి ఎక్కువ, లోపల స్వెట్టరో శాలువానో ఉంటే మంచిది. టేబుళ్ల పక్కనే పాటల వేదిక పెట్టారు. రాత్రి తొమ్మిది దాటాక సౌండ్ ఎంత పెరిగిందంటే ఎవరు "రేజ్" అన్నారో, ఎవరు "కాల్" అన్నారో డీలర్‌కే వినబడక రెండుసార్లు మళ్లీ అడిగింది. నోటిమాటే చెల్లుబాటయ్యే ఆటకు ఇది సరికాదు. టోర్నమెంట్ నడిచే గంటల్లోనైనా స్పీకర్లు అటువైపు తిప్పొచ్చు. ఫ్లోర్ మేనేజర్‌తో చెప్పాను, రాసుకున్నాడు.

డీలర్లు మంచివాళ్లు. కుండ లెక్క తప్పితే వాళ్లే సరిచేసుకున్నారు. ఒక డీలర్ మాత్రం ఆల్-ఇన్ మొత్తాన్ని లెక్కపెట్టకుండా కంటితో చూసి చెప్పబోయింది, అడిగితే లెక్కపెట్టింది. అడగడానికి మొహమాటపడకండి. 15,500కూ 19,500కూ తేడా మీదే రాణుల జవాబు మారుతుంది.

మొత్తం 47 ఎంట్రీలు, ఓడినవాళ్లు మళ్లీ కట్టి వచ్చినవి కలిపి. బహుమతి ఆరుగురికి. ఎనిమిదిమంది మిగిలేసరికి రాత్రి పదకొండు. బ్లైండ్లు 3,000/6,000. నా దగ్గర 96,000, అంటే 16 బ్లైండ్లు. ఇద్దరి దగ్గర 20,000 చొప్పున, నాలుగు బ్లైండ్లు కూడా లేవు. ఇంకో ఇద్దరు పోతే అందరికీ డబ్బు. నేను బిగ్ బ్లైండ్‌లో ఉన్నాను. అందరికన్నా ఎక్కువ చిప్స్ ఉన్నాయన 13,000 చేశాడు. మొదటి టేబుల్ మీద ఆసులు చూపించిన పెద్దాయన, ఇప్పటికీ అంతే నిదానంగా, 1,80,000 మొత్తం ముందుకు తోశాడు. నేను ముక్కలు లేపి చూశాను. రాణులు.

మూడు నిమిషాలు తీసుకున్నాను. డీలర్ తొందర పెట్టలేదు.

ఇక్కడ కుండ లెక్క ఒక్కటే చాలదు. క్యాష్ ఆటలో చిప్ అంటే డబ్బు. టోర్నమెంటులో, ఇద్దరు చిన్న స్టాకులు (కొద్ది చిప్సే మిగిలినవాళ్లు) ఊపిరి బిగబట్టి కూర్చున్న చోట, పోగొట్టుకునే 96,000 చిప్స్ విలువ గెలుచుకునే 96,000 కన్నా ఎక్కువ. పోతే చేతిలో సున్నా. వదిలితే ఆ ఇద్దరూ పోయేదాకా ఉండగలను. పైగా ఈయన రేజ్ పెద్ద స్టాకు మీద చేసిన రేజ్, అతను భయపడడని తెలిసీ చేసిన రేజ్. పెద్దాయన దగ్గర జాకీలు ఉండే అవకాశం ఎంత? తక్కువ. నా వెనక మొదట రేజ్ చేసినాయన కూడా ఇంకా మాట్లాడలేదు. రాణులు మడిచాను. బిగ్ బ్లైండ్, యాంటీ కలిపి 12,000 పోయాయి.

మొదటాయన కాల్ చేశాడు, ఆసు-రాజు. పెద్దాయన రాజుల జత. నాలుగో ముక్కగా రాణి వచ్చింది. టేబుల్ మీద ఎవరికీ తెలియదు అది నాకేమిటో. ఒక్క నిమిషం గుండె దడదడలాడింది, దాచడం ఎందుకు. కానీ రాజుల జత, ఆసు-రాజు రెండూ ఎదురుగా ఉంటే నా రాణులు అయిదింట ఒకసారి కూడా గెలవవు. ఆ ఒకసారి అప్పుడే వచ్చింది, అంతే. మళ్లీ అదే చోట అదే మనిషి తోస్తే మళ్లీ మడుస్తాను.

అరగంటలో చిన్న స్టాకులు రెండూ పోయాయి. నేను అయిదో స్థానంలో, ఏడు బ్లైండ్లతో, ఆసు-పది పట్టుకుని ఎనిమిదుల జత చేతిలో ఓడాను. 9,400 రూపాయలు చేతికొచ్చాయి. 10,000 దాటితే 30 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, నాకు ఆ అవసరం పడలేదు. డబ్బు అప్పటికప్పుడే ఇచ్చేశారు, రసీదుతో.

ఇక నా పెద్ద ఫిర్యాదు. కట్టిన 3,000లో బహుమతుల్లోకి వెళ్లేది 2,500, పడవవాళ్ల ఫీజు 500. అంటే ఆరో వంతు. మా అడ్తిలో ఏ రైతు దగ్గరా అంత కమీషన్ తీసుకోలేం, ఊరుకోరు. మనుషుల జీతాలు, స్థలం, గడియారం, అన్నీ ఖర్చే, నేను కాదనను. కానీ ఆరో వంతు ముందే పోతే, బాగా ఆడే మనిషికి కూడా పదిసార్లు వస్తే మిగిలేది కొంచెమే. ఇంకోటి, ఈ ఫీజు సంగతి గోడ మీదున్న పెద్ద బోర్డులో లేదు, కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉంది. పైన, పెద్దగా రాయాలి.

రెండో రోజు 2,000 టోర్నమెంట్. స్టాకు అదే 20,000, మెట్టు మాత్రం 10 నిమిషాలు. దీని గురించి ఎక్కువ రాయను. 40 నిమిషాలకు, అంటే పద్దెనిమిదో ఇరవయ్యో చేతులకు, 20 బ్లైండ్లకు వచ్చేశాం. ఎదుటి మనిషి ఎలాంటివాడో తెలిసేలోపే టేబుల్ మారిపోయింది. గంట దాటాక 12 బ్లైండ్లతో రాజుల జత వచ్చింది, ముందు రేజ్ ఉంది, ఆల్-ఇన్ అన్నాను. చేయగలిగింది అదొక్కటే. ఆసు-తొమ్మిది కాల్ చేసింది, అయిదో ముక్క ఆసు. పదింట ఏడుసార్లు నేను గెలిచే చెయ్యి, ఓడాను, దాని మీద ఏ బాధా లేదు. బాధ అంతా ఆ టోర్నమెంటులో నేను ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఒక్కటి కూడా లేకపోవడం. 2,000 పెట్టి ముక్కలు ఎలా పడతాయో చూసి వచ్చాను. ఆ ఒక్క రోజే వెళ్లి ఉంటే ఈ ఆట మీద నాకు విరక్తి పుట్టేది.

ఫ్లోర్ మేనేజర్‌ను అడిగాను, 2,000కే 20 నిమిషాల మెట్లతో పెట్టొచ్చు కదా అని. టేబుళ్లు త్వరగా ఖాళీ కావాలని, వారంలో జనం తక్కువుండే రోజుల్లో ఆలోచిస్తామని అన్నాడు. నిజం చెప్పాడు, అది నచ్చింది.

కాబట్టి మన వైపు నుంచి వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి, మెట్టు ఎన్ని నిమిషాలు అని. 20 అంటే టికెట్ తీసుకోండి, 15 అంటే ఆలోచించుకోండి, 10 అంటే సముద్రం చూసి రండి. ఫీజు ఎంతో కూడా అడగండి. ఇంట్లో ఖర్చులకు ఉంచిన డబ్బు తీసుకెళ్లొద్దు. రైలు, గది, రెండు బై-ఇన్‌లు (టోర్నమెంట్లకు కట్టిన డబ్బు) కలిపితే నాకు 9,400 కన్నా చాలా ఎక్కువే అయింది. అది ముందే లెక్క వేసుకుని, పక్కన పెట్టుకుని వెళ్లాను. మొదటి రోజు టోర్నమెంటుకు అయిదుకు నాలుగు ఇస్తాను, ఒకటి తగ్గించింది ఫీజుకూ పాటలకూ కలిపి. రెండో రోజుదానికి ఒకటి, అది డీలర్లకు.

వచ్చిన ఆదివారం డాబా మీద ఆ ఎనిమిదిమంది చెయ్యి మళ్లీ పరిచాను. చిప్స్ అన్నీ అవే లెక్కలో సర్ది, ముక్కలు బోర్లా పెట్టి, ఒక్కొక్కరినీ నా స్థానంలో కూర్చోబెట్టాను. మా కాకా, రైల్వేలో రిటైరైన మనిషి, రాణులు చూడగానే "నేనైతే కొట్టేటోన్ని, గీ జత మల్లెప్పుడొస్తది?" అన్నాడు. ఆ ఇద్దరి చిన్న స్టాకులు చూపించాను. కాసేపు చూసి, "పెద్దాయన పొద్దటి సంది ఎన్ని చేతులు ఆడిండు?" అని అడిగాడు. ఏడెనిమిది అన్నాను. ముక్కలు మెల్లగా బోర్లించి మధ్యలోకి తోశాడు.